మామ చెప్పిన ఉప్పు చెరువు

మా మామ చనిపోయేనాటికి ఊళ్లో ఆయనకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, బేనిషాన్ మామిడికాయను అరచేతిలో పెట్టుకొని అది ఎన్ని రోజులకు పండుతుందో చెప్పడం. రెండోది, అబద్ధాలు చెప్పడం. మామిడికాయ విషయంలో ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు. అబద్ధాల విషయంలో తప్పింది మేము. అది తెలుసుకోవడానికి నేనూ మా అత్తమ్మా దేశానికి ఆ చివరిదాకా వెళ్లాల్సి వచ్చింది.

మాది కొల్లాపూర్ దగ్గర ఒక ఊరు. మామిడి తోట ఉంది, దాన్ని మా ఆయన చూసుకుంటాడు. నేను కోడేరు మండలంలో ఒక సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. పొద్దున బస్సెక్కి పోతాను, సాయంత్రం బస్సు దిగి వస్తాను. పద్దెనిమిదేళ్లుగా అత్తమ్మా నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. మా మధ్య ఎన్నడూ గొడవ జరగలేదు. గొడవ జరగాలంటే కొంత మాట్లాడుకోవాలి. ఆమె నన్ను నలుగురిలో టీచరమ్మ అనేది, ఇంట్లో ఏమీ అనేది కాదు.

మామ వయసులో ఉన్నప్పుడు, మా ఆయన ఇంకా పుట్టకముందు, ఒక మేస్త్రి వెంట లేబరు పనికి పోయాడు. ఆ రోజుల్లో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు మనుషులు ఉండేవాళ్లు. మామ వాళ్లు పోయింది కాశ్మీరు వైపు. అక్కడ పనిచేస్తుండగా ఇంకో కాంట్రాక్టరు కొంతమందిని మిలిటరీ రోడ్డు పని ఉందని లారీలో ఎక్కించుకొని ఇంకా పైకి, కొండల మీదికి తీసుకుపోయాడు. ఆ లారీలో మా ఊరివాడు మామ ఒక్కడే. చలికాలం వచ్చి పని ఆగినప్పుడు అందరూ కిందికి దిగిపోయారు. సామాన్లకు కాపలాగా నలుగురిని ఉంచారు. ఆ నలుగురిలో మామ ఉన్నాడు. మళ్లీ ఎండాకాలానికి గానీ ఇంటికి రాలేదు.

వచ్చాక ఆయన చెప్పిన సంగతులు ఇవీ. ఆ కొండల మీద ఒక చెరువుంది. శ్రీరంగాపూర్ గుడి పక్కనున్న చెరువు లాంటివి దాంట్లో వంద పడతాయి. అవతలి ఒడ్డు పక్క దేశంలో ఉంది. నీళ్లు ఉప్పన. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు, పొద్దుగూకేటప్పుడు ఇంకో రంగు. చలికాలంలో అది గట్టిగా గడ్డకడితే దాని మీదినుంచి లారీ పోయింది. ఆ చెరువులో తాను మోచేతంత చేపను పట్టి, కాల్చుకొని తిన్నాడు.

ఊరి జనం మొదట బాగానే విన్నారట. ఉప్పునీళ్లు అన్నప్పుడు తలూపారు. మా బోర్లలో సగం ఉప్పువే కాబట్టి అందులో వింతేమీ లేదు. రంగులు అన్నప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నీళ్ల మీద లారీ అన్నప్పుడు లేచి ఎవరి పనికి వాళ్లు పోయారు. బజారులో బట్టలు కుట్టే భాయ్ మామకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన ఆ రోజే మామకు ‘ఉప్పుచెరువు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. మా పెళ్లి పత్రికలు పంచేటప్పుడు కూడా ‘ఉప్పుచెరువాయన కొడుకు పెళ్లి’ అనే చెప్పుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

ఇందులో నా పాత్ర కూడా ఉంది. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడాదే ఒక ఆదివారం మామ నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. నేను బడి పేపర్లు దిద్దుతున్నాను.

“బిడ్డా, నువ్వు సోషల్ చెప్తవు గద. కొండ మీద ఉప్పు చెరువు ఉంటదా?” అన్నాడు.

“ఉంటది మామా. నీళ్లు బయటికి పోయే దారి లేకుంటే ఉప్పగ అయితయి. దాని పేరేంది?” అన్నాను.

ఆయన మొహం వెలిగింది. “పెంగాంగు అన్నట్టు యాదికుంది” అన్నాడు.

నేను పెన్ను పక్కన పెట్టి, బడిలో చెప్పినట్టే ఓపికగా చెప్పాను. “అది పెన్‌గంగ మామా. చెరువు కాదు, నది. ఆదిలాబాద్ దిక్కు ఉంటది. నీళ్లు గూడ మంచియే.”

“గట్లనా బిడ్డా” అని ఆయన లేచి తోటకు వెళ్లిపోయాడు. మళ్లీ ఆ సంగతి నన్ను అడగలేదు. నేను పేపర్లు దిద్దడం పూర్తిచేశాను.

ఆయన పోయి రెండేళ్లయింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. బాధపడకుండా పోయాడని అందరూ అన్నారు. భాయ్ వచ్చి వాకిట్లో చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

పోయిన ఏడు వేసవి సెలవుల్లో ఒకరోజు నేనూ అత్తమ్మా అన్నం తింటున్నాం. నా ఎడమ చేతిలో ఫోనుంది. ఒక వీడియో తనంతట తానే మొదలైంది. ఎర్ర కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె నీలం నీళ్ల ముందు చేతులు చాపి నిలబడి, పాంగాంగ్ చెరువుకు స్వాగతం అని హిందీలో అరుస్తోంది. ప్రపంచంలో ఎత్తైన ఉప్పునీటి సరస్సుల్లో ఇదొకటి అంటోంది. నా నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. మా పుస్తకంలో సాంబార్ సరస్సు ఉంది, చిలికా సరస్సు ఉంది. ఇది లేదు. అందుకని ఇది భూమ్మీదే లేదని నేను అనుకున్నాను.

“ఏమన్నది గా పిల్ల?” అని అత్తమ్మ అడిగింది.

“పాంగాంగ్ అన్నది అత్తమ్మా.”

“మల్లొకపారి పెట్టు.”

నాలుగు సార్లు పెట్టాను. ఆమె చెయ్యి కడుక్కొని, గిన్నెలు తోమి, బోర్లించి వచ్చి, “గాడికి బస్సు పోతదా?” అంది.

మా ఆయన తోటలో కాయ కోయిస్తున్నాడు. మేము వెళ్లి చెబితే నమ్మలేదు.

“లడఖ్‌కా? అమ్మా, గాడ ఆక్సిజన్ ఉండది. గాలే సరిగ రాదు.”

“మీ నాయనకు వచ్చిందా?”

“నాయన అప్పుడు వయసుల ఉండె.”

“నేను ఇప్పుడున్న వయసులనే పోత. ఇంకొక వయసు యాడికెల్లి తేవాలె?” అంది అత్తమ్మ.

తాను రాలేనని, కోతల కాలమని, ఇద్దరు ఆడవాళ్లను అంత దూరం ఎట్లా పంపాలని ఆయన అన్నాడు. అత్తమ్మ చెట్టు కింద రాలిన కాయలు ఏరి బుట్టలో వేస్తూ అన్నీ విన్నది. చివరికి “అయితే టికెట్లు రెండే చేపియ్యి” అంది. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ వాళ్లు ఒక జట్టును తీసుకుపోతున్నారని తెలిసింది. అందులో చేరాం.

ప్రయాణానికి ముందు ఆమెను నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు పరీక్షలు చేయించి, అత్తమ్మకు బీపీ లేదు, షుగర్ లేదు, గుండె గడియారంలా ఉందన్నాడు. ఎట్లాగూ వచ్చాం కదా అని నాకూ బీపీ చూశాడు. ఆ కాగితాన్ని నేను మడిచి సంచిలో అడుగున పెట్టుకున్నాను.

మే నెలలో స్వెట్టర్లు కొనడానికి వనపర్తి పోయాం. బజారులో తారు కరుగుతోంది. దుకాణమాయన మమ్మల్ని రెండుసార్లు అడిగి, నిజమేనని తెలుసుకొని, నిచ్చెన వేసుకొని అటక ఎక్కాడు. అత్తమ్మ ఆ ఎండలో మందపాటి స్వెట్టరు తొడుక్కొని, చేతులు పైకీ కిందికీ ఆడించి చూసింది. చెమట కారుతుండగా “మంచిగున్నది, చల్లగ లేదు” అంది. దుకాణమాయన మాకు మంచినీళ్లు ఇప్పించాడు.

విమానం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మబ్బులు కిందికి పోగానే చూడడానికి ఏమీ లేదని నిద్రపోయింది. లేహ్‌లో దిగాక రెండు రోజులు కదలకుండా పడుకొమ్మన్నారు. గాలి పలచగా ఉండే చోట ఒళ్లు అలవాటు పడాలట. ఆ సంగతి నేను ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఊపిరి కష్టమవుతుంది, ఒక మార్కు. రెండు రోజులూ నాకు తల పగిలిపోయింది. అత్తమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు నమిలి, పల్లీల పొడి నాకి, హోటలు వాకిట్లో ఎండకు కూర్చుంది. గాలి ఎట్లా ఉందని అడిగితే, “గాలి లెక్కనే ఉన్నది” అంది.

మూడో రోజు పొద్దున టెంపోలో చెరువుకు బయలుదేరాం. మాతోపాటు హైదరాబాద్ కుర్రవాళ్లు అయిదుగురు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ పనికి వారం సెలవు పెట్టి వచ్చారు. డ్రైవరు అక్కడి మనిషే, మాటకారి కాదు. దారిలో చాంగ్‌లా అని ఒక కనుమ ఎక్కి దిగాలి. ఎక్కేకొద్దీ చెట్లు పోయాయి, తర్వాత గడ్డి పోయింది, తర్వాత రంగులు పోయాయి. రాయీ మంచూ మిగిలాయి. పైన పెద్ద బోర్డు పెట్టారు, ఎంత ఎత్తుకు వచ్చామో దాని మీద రాసుంది. అందరూ దాని ముందు ఫొటో దిగుతారు. నేనూ దిగుదామని వెళ్లి, కొంగు సర్దుకొని నిలబడి, అట్లాగే కింద పడ్డాను.

తెలివి వచ్చేసరికి ఒక చిన్న రేకుల గదిలో బల్ల మీద ఉన్నాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మిలిటరీ వాళ్ల మందుల గది అది. నా తల అత్తమ్మ ఒళ్లో ఉంది. నా జడ విప్పేసి ఉంది. బూట్లు తీసేసి ఆమె తన శాలువను నా పాదాలకు చుట్టింది. నేను లేవబోతే నుదుటి మీద చెయ్యి పెట్టి నొక్కింది.

“నోటితోని తీసుకోకు బిడ్డా. ముక్కుతోని తీసుకో. నిమ్మలంగ” అంది.

నాకు వాంతి వచ్చింది. ఆమె తన స్వెట్టరు చేతి అంచుతో నా మూతి తుడిచింది. అటక మీంచి దించిన స్వెట్టరు అది. పద్దెనిమిదేళ్లలో పండుగలకు బొట్టు పెట్టడానికి తప్ప ఆమె నన్ను ముట్టుకోలేదు. నేనూ అంతే. ఏం చెయ్యాలో తోచక కళ్లు మూసుకున్నాను. మూసినా నీళ్లు వచ్చాయి. గొట్టం వల్ల అనుకున్నాను.

మందుల గదిలోని సిపాయి వెనక్కి పోవడం మంచిదన్నాడు. అత్తమ్మ తనకు వచ్చిన ఉర్దూలో ఆయనతో మాట్లాడింది. ఆ ఉర్దూ మా ఊళ్లో పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకున్నది, అందులో సగం తెలుగే. కనుమ దిగితే అవతలివైపు కూడా కిందే కదా, కిందికి పోతే నయమవుతుంది కదా, అయితే వెనక్కి ఎందుకు పోవాలి, ముందుకే పోతే కాదా అని అడిగింది. సిపాయి కాసేపు ఆలోచించి, ఆక్సిజన్ డబ్బా ఒకటి తోడు పెట్టుకొమ్మని డ్రైవరుకు చెప్పి పంపించాడు. కుర్రవాళ్లు నాకోసం వెనక సీటు మొత్తం ఖాళీ చేశారు. ఒకడు తన దిండు ఇచ్చాడు. దిగేకొద్దీ నాకు తల తేలికపడింది.

చెరువు ఒక్కసారిగా కనబడదు. రెండు కొండల నడుమ మొదట ఒక నీలం ముక్క కనబడుతుంది. కుర్రవాళ్లు కేకలు వేశారు. ఇంకో మలుపు తిరిగితే ముక్క పెద్దదయింది. ఇంకో మలుపు తర్వాత ఇక కళ్లముందు అదే ఉంది, వేరే ఏదీ లేదు. మట్టిరంగు కొండలు, వాటి కాళ్ల దగ్గర ఆ నీలం. అటు చివర ఎక్కడుందో కనబడలేదు. నేను అత్తమ్మ మొహం చూశాను. ఆమె కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించి ఉంది.

ఒడ్డున తీర్థంలా ఉంది. ఎప్పుడో ఇక్కడ ఒక సినిమా తీశారట, అప్పటినుంచి జనం వస్తున్నారట. పసుపు రంగు స్కూటరు ఒకటి నిలబెట్టారు. అది ఎక్కడికీ పోదు, దాని మీద కూర్చొని ఫొటో దిగాలి. వింత ఆకారం కుర్చీలు మూడు వేశారు. వాటి మీదా అంతే. జీను కట్టి ముస్తాబు చేసిన జడలబర్రె ఒకటి ఉంది, దాని మీదా అంతే. పెళ్లి బట్టల్లో వచ్చిన జంట ఒకటి చలికి వణుకుతూ నవ్వుతోంది. ఫొటో అయిపోగానే పెళ్లికూతురు లెహంగా మీద రగ్గు కప్పుకొని కారులోకి పరుగెత్తింది. నూడుల్స్ వాసన వస్తోంది. ఇంత దూరం వచ్చిన వాళ్లలో చాలామంది చెరువుకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

అత్తమ్మ స్కూటరును, కుర్చీలను, బర్రెను దాటుకొని నేరుగా నీళ్ల దగ్గరకు పోయింది. నేను నెమ్మదిగా వెనక పోయాను. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, వంగి కూర్చుంది. దోసిలితో నీళ్లు తీసుకొని నోట్లో పోసుకుంది. పుక్కిలించి ఉమ్మింది.

“ఉప్పే” అంది.

మళ్లీ ఇంకొంచెం నోట్లో పోసుకొని, “మన పాత బోరంత” అని సరిచేసింది.

దిండు ఇచ్చిన కుర్రవాడు వచ్చి, “ఆంటీ, మీకు ఒక ఫొటో తీస్తాను, చేతులు చాపి నిలబడండి” అన్నాడు.

“ఎందుకు?”

“అందరూ అట్లనే దిగుతరు ఆంటీ.”

ఆమె చేతులు రెండూ ఒంటికి ఆనించుకొని, ఆధార్ కార్డు ఫొటోకు నిలబడినట్టు నిలబడింది. ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. వెనకాల అంత చెరువున్నా ఎవరైనా ముందు ఆమెనే చూస్తారు.

మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆమె ఒక బండ మీద కూర్చుంది. మేము దిగిన ఇల్లు దగ్గరే కాబట్టి నేను పోయి పడుకొని, మధ్యమధ్య వచ్చి చూసేదాన్ని. వచ్చినప్పుడల్లా నీళ్ల రంగు గురించి చెప్పేది. “ఇంతకుముందు మైలుతుత్తం రంగుండె. ఇప్పుడు నెమలి మెడ లెక్క అయింది.” ఇంకోసారి వస్తే, “మబ్బు వచ్చినప్పుడు సీసం లెక్క, పోయినంక మల్ల నీలం” అంది. ఏదో డ్యూటీ వేసినట్టు చెప్పేది.

సాయంత్రం ఆ ఇంటామె మమ్మల్ని వంటగదిలోకి పిలిచింది. అక్కడి ఊళ్లో వాళ్లు ఇళ్లల్లో గదులు అద్దెకిస్తారు. ఆమెది అత్తమ్మ వయసే ఉంటుంది. బుగ్గలు ఎండకూ చలికీ కాలి ఎర్రగా ఉన్నాయి. గది మధ్యలో ఇనుప పొయ్యి మండుతోంది. చిన్న గిన్నెల్లో వెన్న వేసిన చాయ్ పోసి ఇచ్చింది. అత్తమ్మ ఒక గుక్క తాగి ఆగింది.

“ఈడ చాయ గూడ ఉప్పేనా?” అని నన్ను అడిగింది. ఉప్పే. అయినా తాగింది. ఇంటామె వెంటనే గిన్నె మళ్లీ నింపింది. అక్కడ గిన్నె ఖాళీ చేస్తే ఇంకా కావాలని అర్థమట. ఆ సంగతి అత్తమ్మకు నాలుగో గిన్నెకు తెలిసింది.

ఇద్దరూ ఉర్దూ కాని ఉర్దూలో, హిందీ కాని హిందీలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పిల్లలెందరు, పశువులెన్ని, మోకాళ్ల నొప్పులున్నాయా అన్నవి అయిపోయాక, అత్తమ్మ గిన్నె కింద పెట్టి అడిగింది.

“ఠండీల గీ పానీ జమ్తా?”

చలికాలంలో ఈ నీళ్లు గడ్డకడతాయా అని. ఇంటామె కడతాయంది. మొత్తం, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా.

“ఉసుకే ఊపర్ లారీ జాతా?”

ఇంటామె నవ్వింది. ఇప్పుడు పోనివ్వరు గానీ, తన చిన్నప్పుడు మిలిటరీ బండ్లు దాని మీదినుంచే పోయేవని, మంచు మీద వాటి చప్పుడు తమ ఇంట్లోకి వినబడేదని, అప్పుడు రోడ్డు లేదని చెప్పింది. రోడ్డు వేసిన లేబరు వాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్లని, నల్లగా ఉండేవాళ్లని, చలికి తట్టుకోలేక తమ పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చొనేవాళ్లని కూడా చెప్పింది. ఇదే పొయ్యి కాదు, పాత పొయ్యి.

అత్తమ్మ పొయ్యి వైపు చాలాసేపు చూసింది. ఆ వచ్చినవాళ్లలో మామ ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేరు. ఆమె అడగనూ లేదు.

తర్వాత, “మచ్లీ?” అంది.

ఇంటామె చెయ్యి అడ్డంగా ఊపింది. ఈ చెరువులో చేపలు లేవు. ఈ వైపు నీళ్లలో అసలే లేవు. తాను పుట్టి పెరిగింది ఇక్కడే, ఒక్క చేపను చూడలేదు.

“మరి గా తెల్ల పిట్టలు ఏం తింటయి?” అని అత్తమ్మ తెలుగులోనే అడిగింది. ఒడ్డున కొంగల్లాంటి పిట్టలు తిరగడం ఆమె పొద్దంతా చూసింది. నేను హిందీలోకి మార్చి అడిగాను. చిన్న చిన్న పురుగులు తింటాయని జవాబు వచ్చింది.

అత్తమ్మ నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత కడుపు పట్టుకొని. ఆమె నవ్వితే పై పళ్ల మధ్య సందు కనబడుతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. “మోచేతంత చేప తిన్ననన్నడు బిడ్డా! కాల్చుకొని తిన్ననన్నడు! ముండ్లు ఎక్కువున్నయి అని గూడ చెప్పిండు!” అంది. అర్థం కాకపోయినా ఇంటామె కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకోవడం ఆపలేదు. ఇంటామె నవ్వు ఆపి, లేచి వచ్చి ఆమె పక్కన కూర్చొని, గిన్నెలో చాయ్ నింపింది.

మర్నాడు తెల్లవారగానే అత్తమ్మ నన్ను లేపింది. ఇద్దరం రగ్గులు కప్పుకొని చెరువు దగ్గరకు పోయాం. స్కూటరు దగ్గర ఎవరూ లేరు. నీళ్లు కదలకుండా ఉన్నాయి. కొండలన్నీ తలకిందులుగా అందులో ఉన్నాయి. మామ ఇది చెప్పలేదు. లేదా చెప్పి ఉంటాడు, అప్పటికి వినేవాళ్లు ఉండి ఉండరు.

“పెద్దబిడ్డ పెండ్లిల వియ్యంకుల ముందట ఈ ముచ్చట ఎత్తిండు మీ మామ” అంది అత్తమ్మ, నీళ్లనే చూస్తూ. “వాళ్లు నవ్విండ్రు. నేను లోపలికి పిలిచి, ఇజ్జతు తీయకు, నోరు మూసుకో అన్న. ఆనాటి సంది నా ముందట మల్ల ఎత్తలే.”

నేను నా సంగతి చెప్పాను. పేపర్లు దిద్దుతూ పెన్‌గంగ అన్న సంగతి. చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఊపిరి ఇంకా సరిగా అందడం లేదు.

“తెల్సు” అంది ఆమె. “ఆ దినమే వచ్చి నాతోని చెప్పిండు. టీచరమ్మ అన్నది, అది నది అంట, ఆదిలాబాద్ల ఉన్నదంట అన్నడు. రెండు దినాలు గదే ఆలోచన జేసిండు. నేనే తప్పు చూసిన్నేమో, చలికి నాకే గట్ల కనవడ్డదేమో అన్నడు.”

ఇన్నాళ్లూ ఆయన చెప్పడం మానేశాడనే అనుకున్నాను. నమ్మడం కూడా మానేశాడని అనుకోలేదు. తాను నిలబడి చూసిన చెరువును, నా మాట మీద, ఆయన లేదనుకున్నాడు.

“నాకు గూడ నీ మాటనే నిజమనిపించె” అంది అత్తమ్మ. “సదువుకున్నదానివి.” ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కొంచెం తేలికగా ఉండేది. ఆమె నా రగ్గు జారితే పైకి లాగి భుజం మీద సర్దింది. “లే. చలి పెడుతున్నది. నీకు మల్ల తల తిరుగుతది.”

తిరుగు ప్రయాణంలో కనుమ దగ్గర నేను టెంపో దిగలేదు. అత్తమ్మ మాత్రం దిగి, మందుల గదిలోని సిపాయికి మిగిలిన పల్లీల పొడి ఇచ్చి వచ్చింది.

ఇంటికి వచ్చిన మూడో రోజు అత్తమ్మ జాకెట్టు గుడ్డ ఒకటి సంచిలో పెట్టుకొని, నన్నూ రమ్మని, బజారుకు బయలుదేరింది. భాయ్ ఇప్పుడు ముసలివాడయ్యాడు గానీ కుట్టడం మానలేదు. మమ్మల్ని చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

“రా వదినె. ఏడికో పోయిండ్రట?”

“మీ దోస్తు చెప్పిన చెరువు కాడికి పోయినం” అంది అత్తమ్మ. “ఉన్నది భాయ్.”

ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. అత్తమ్మ వరసగా చెప్పింది. “నీళ్లు ఉప్పే. రంగు మారుతది. నేను కూసోని చూసిన. చలికాలం గడ్డగడతది.”

“లారీ?” అన్నాడాయన.

“నడిచిందంట. ఆ ఊరామె చెప్పింది.”

భాయ్ సూదిలో దారం సరిచేశాడు. “చేప గూడ ఉన్నదా?” అన్నాడు.

“ఉన్నది” అంది అత్తమ్మ. “మోచేతంత.”

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే నేను అక్కడే నిలబడి ఆ మాట విన్నాను, ఏమీ అనలేదు.

“ఆ పేరు పెట్టింది నేనే వదినె” అన్నాడు భాయ్. “నవ్వులాటకు పెట్టిన. ఇగ ఇప్పుడు నేనేం జెయ్యాలె?”

“ఏం జేస్తవు? ఈ జాకెట్టు జర జల్ది కుట్టు. పోయినపారి మెడ బిగువయింది” అంది ఆమె, గుడ్డ తీసి బల్ల మీద పెట్టి.

ఊళ్లో ఈ సంగతి తెలిసింది. కొందరు ఫొటో చూడడానికి ఇంటికి వచ్చారు. ఇదంతా ఫోనులోనే కనబడుతుంది కదా, అంత దూరం పోవడం ఎందుకని ఒకరిద్దరు అడిగారు. మామ మీద పెట్టిన పేరు మాత్రం పోలేదు. కాకపోతే ఇప్పుడు కొంచెం వేరే గొంతుతో అంటున్నారని నాకు అనిపిస్తుంది. అది నా భ్రమ కూడా కావచ్చు.

లేహ్ అవతలి ఆ ఇంటామె నెంబరు అత్తమ్మ తెచ్చుకుంది. సిగ్నల్ ఉన్నప్పుడు ఆమె వీడియో కాల్ చేస్తుంది. ఆమె గొర్రెలను చూపిస్తుంది, ఈమె మామిడి పూతను చూపిస్తుంది. పావుగంట మాట్లాడుకున్నాక ఏమన్నది అని అడిగితే, “తెల్వదు, మంచిగున్నది” అంటుంది.

బడి తెరిచాక ఒక సాయంత్రం నేను రేపటి పాఠం చూసుకుంటుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు చదువు రాదు. పుస్తకాన్ని తన వైపు తిప్పుకొని బొమ్మలు చూస్తూ పేజీలు తిప్పింది. ఎడారి దగ్గర ఆగలేదు. జలపాతం దగ్గర కాసేపు ఆగింది. నిప్పులు కక్కే కొండ బొమ్మ వచ్చేసరికి వేలు పెట్టి, “గిది నిజంగనే ఉన్నదా బిడ్డా?” అని అడిగింది.

పుస్తకంలో ఉంది కాబట్టి ఉందని చెప్పబోయాను. చెప్పకుండా, “నేను చూడలే అత్తమ్మా” అన్నాను.

ఆమె పేజీ మూల మడిచి పెట్టి, పొయ్యి మీద అన్నం చూడడానికి లోపలికి పోయింది.